ఇప్పపువ్వు లడ్డూకు నేను పెట్టిన రెండు పేర్లు

నాకు అసూయ ఎక్కువ. ఆ సంగతి మా ఇంట్లో ఎవరికీ తెలియదని చాలాకాలం అనుకున్నాను. మా అత్తమ్మకు తెలుసు. మా తోటికోడలికీ తెలిసే ఉంటుంది. కానీ ఆమె ఒక్కరోజు కూడా ఆ మాట ఎత్తలేదు. నా ఒళ్లు మండేది కూడా అందుకే.

మాది జూలూరుపాడు. ఇంటి ముందు గదిలో నేను ఆన్‌లైన్ సెంటర్ నడుపుతాను. హాల్‌టికెట్లు, స్కాలర్‌షిప్ దరఖాస్తులు, జిరాక్సులు, ఎవరికి ఏది కావాలంటే అది. కంప్యూటర్ చదివిన కోడలు దొరికిందని పెళ్లయిన కొత్తలో మా అత్తమ్మ వాడంతా చెప్పుకుంది. తర్వాత మరిదికి పెళ్లయింది. అతనికి మణుగూరు బొగ్గు గనిలో ఉద్యోగం, వారానికోసారి ఇంటికి వస్తాడు. భార్య పినపాక వైపు పిల్ల, పదో తరగతితో చదువు ఆగిపోయింది. కాపురానికి వచ్చిన మొదటి వేసవిలో పుట్టింటి నుంచి ఎండబెట్టిన ఇప్పపువ్వు తెచ్చి లడ్డూలు చేసింది. ఇక అప్పటినుంచి అత్తమ్మ చెప్పుకునే కోడలు మారిపోయింది.

ఆ లడ్డూలు బాగుంటాయి. రాయడానికి కష్టంగానే ఉంది, అయినా రాస్తున్నాను. పువ్వులోని ఇసుక, లోపలి కేసరాలు ఒక్కొక్కటిగా చేత్తో ఏరేస్తుంది. దోరగా వేయించి నువ్వులు, పల్లీలు, బెల్లంతో కలిపి రోట్లో దంచుతుంది. నా దగ్గర దరఖాస్తు పెట్టడానికి వచ్చినవాళ్లు నా కుర్చీలో కూర్చుని, నా ఫ్యాన్ కింద, ఆమె లడ్డూ తిని, ఆమెను మెచ్చుకుని వెళ్లేవారు. నేను నింపిన ఫారం గురించి ఎవరూ ఒక్క మాట అనేవారు కాదు.

భద్రాచలం దర్శనానికి వెళ్తూ మా ఇంటి దగ్గర ఆగిన టీచరమ్మ ఒకామె ఆ లడ్డూలు హైదరాబాద్ తీసుకెళ్లింది. వెబ్‌సైట్ ఒకటి పెట్టుకుంటే ఎక్కడివాళ్లయినా తెప్పించుకుంటారని ఫోన్ చేసి చెప్పింది. తోటికోడలు మరునాడే నా కౌంటర్ దగ్గరికి వచ్చి నిలబడింది.

"అక్కా, దానికి పేరు నువ్వే పెట్టాలె. నాకేం తెలుస్తది?"

"అవ్, దానికేం ఎరుక? నువ్వే సూడు" అంది గడపలో కూర్చున్న అత్తమ్మ. "పేరు పెట్టినందుకు మొదటి డబ్బా నీకే వస్తది."

మా ఇంట్లో అదొక పద్ధతి. దూడకైనా, కొత్త ఆటోకైనా పేరు ఎవరు పెడితే తొలి వాటా వాళ్లదే. నేను పేరు పెట్టిన పెయ్య పెద్దదై ఈనినప్పుడు జున్ను మొదటి గిన్నె నాకే ఇచ్చారు. ఇంకెవరూ చెయ్యి పెట్టలేదు.

సైట్లు తయారు చేసే ఖమ్మం అతనితో మాట్లాడాను. "మేడం, జనం గూగుల్‌ల ఏ మాటలు కొడతరో గా మాటలే పేరుల ఉంటే మంచిగుంటది. ఎతుక్కుంట వచ్చేటోళ్లకు చూడంగనే అర్థమైతది" అన్నాడు. నేను మూడు రోజులు కూర్చుని రకరకాలుగా వెతికి చూశాను. అడవి లడ్డు అని ఎవరూ కొట్టరు. అందరికీ తెలిసిన ఊరు, పువ్వు, తిండి, ఈ మూడూ ఉండాలి. చివరికి నోట్‌బుక్‌లో ఒక పేరు రాసి కింద గీత గీశాను. భద్రాచలం ఇప్పపువ్వు లడ్డు డాట్ కామ్. అప్పటికి దాన్ని ఎవరూ తీసుకోలేదు. ఆ పేరు చూసుకుంటే నాకు గర్వంగా అనిపించింది. లడ్డూ ఆమె చేస్తే చేసింది, ఈ పేరు మాత్రం నేను తప్ప ఇంకెవరూ పట్టుకోలేరు అనుకున్నాను.

సరిగ్గా అప్పుడే అత్తమ్మ ఎవరితోనో అంటోంది. "మా చిన్నకోడలు కంపెనీ పెడుతున్నది. పెద్దామె గీ టైపింగ్ పనులు చేస్తది."

నోట్‌బుక్ మూసేశాను.

"అడవితల్లి కమ్మదనం అని పెడదాం చెల్లె" అన్నాను తోటికోడలితో. ఆమె మొహం వెలిగిపోయింది. "ఎంత మంచిగున్నదక్కా! నాకు జన్మల తట్టకపోవు" అంది. ఉండు చాయ్ పెట్టుకొస్తానని సంతోషంగా లోపలికి వెళ్లింది. ఆమె వచ్చేలోపు నోట్‌బుక్‌లో గీత గీసిన పేరును నా పేరు మీద, నా కార్డుతో కొనేశాను. చాయ్ తెచ్చి ఇస్తే తాగాను కూడా. అల్లం వేసింది.

ఆ పేరుతో ఏం చేస్తానో నాకే తెలియదు. ఆమెకు దక్కకూడదు, అంతే. ఉత్తగా ఉంచడమెందుకని ఒక పేజీ తయారు చేసి నా నంబర్ పెట్టాను.

పది రోజులకే ఫోన్లు మొదలయ్యాయి. హైదరాబాద్, విజయవాడ, ఒకామె బెంగళూరు నుంచి కూడా. స్టాక్ లేదని చెప్పేదాన్ని. ఒకసారి పంతం పట్టి నేనే చేశాను. పంటి కింద ఇసుక, నోట్లో చేదు. ఎవరూ చూడకుండా గేదె కుడితిలో కలిపేశాను.

అడవితల్లి కమ్మదనం పేరుతో తెరిచిన తోటికోడలి సైటుకు మాత్రం ఒక్క ఆర్డర్ కూడా రాలేదు. రోజూ పొద్దున వచ్చి "ఏమన్న వచ్చిందా అక్కా?" అని అడిగేది. లేదనేదాన్ని. మొదట్లో నాకు లోపల హాయిగా ఉండేది. ఆ మాట దాచను. రెండో నెల వచ్చేసరికి ఆమె అడగడం మానేసింది. నా కోసం అని ఆమె పక్కన పెట్టిన ఖాళీ డబ్బా, మూతకు ఎర్ర దారం కట్టినది, వంటింటి అలమరలో అలాగే ఉండిపోయింది. నీళ్లు తాగడానికి వెళ్లినప్పుడల్లా అది కనిపించేది.

మాఘమాసం పోయాక ఒకరోజు ఆమె ఫోన్‌లో మాట్లాడుతుంటే విన్నాను. ఇప్పపువ్వు ఏరే గూడెం ఆడవాళ్లకు ఈసారి పువ్వు తేవద్దని చెబుతోంది. ఫోన్ పెట్టేసి నా వైపు చూసింది.

"బంద్ చేస్తున్నక్కా. నువ్వు మంచి పేరే పెట్టినవ్. నా చేతులనే ఏదో తక్కువున్నది."

ఆమె ఏడ్చి ఉంటే, నన్ను తిట్టి ఉంటే తట్టుకునేదాన్ని. తన చేతిని తప్పు పట్టుకుంది. ఆ చేతులు ఏరిన పువ్వు ఎలా ఉంటుందో, నా చేతులు చేసిన చేదు ఎలా ఉంటుందో తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. కౌంటర్‌లోకి వచ్చి, నా పేజీ తీసేసి, నేను కొన్న ఆ పేరు కొడితే ఆమె సైటే తెరుచుకునేలా మార్చాను. అంత చేసి కూడా నోరు విప్పలేదు. సిగ్గుపడటానికి కూడా ధైర్యం కావాలి.

నాలుగో రోజు ఆమెకు మొదటి ఆర్డర్ వచ్చింది, ఆ వారంలోనే మరికొన్ని. గూడేనికి మళ్లీ ఫోన్ చేసింది. వంటింట్లో రోలు మోగింది. అత్తమ్మ పాట అందుకుంది. లడ్డూలు ఆరాక ఎర్ర దారం డబ్బా నింపి, తోటికోడలు నా కౌంటర్ మీద పెట్టింది. నేను చెయ్యి చాపాను. ఆమె డబ్బా వదల్లేదు.

"అక్కా, విజయవాడామె మాట్లాడింది. భద్రాచలం ఇప్పపువ్వు లడ్డు అని కొడితే మన సైటు వచ్చిందంట. ఇంతకుముందు గదే పేరు కొట్టి ఫోన్ చేస్తే ఎవరో ఆడామె స్టాక్ లేదన్నదంట. గా పేరు ఎవరు పెట్టిన్రు?"

అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. అత్తమ్మ గడపలోనే ఉంది.

"నేనే" అన్నాను.

"ఎప్పుడు?"

"నువ్వు చాయ్ పెట్టనీకి పోయినప్పుడు."

ఆమె నా వైపు చూసింది. అరుస్తుందనుకున్నాను. అరిస్తే బాగుండుననుకున్నాను. ఆమె డబ్బా మీది నుంచి చేతులు తీసి, దాన్ని నా వైపు జరిపింది.

"అట్లయితే తిను. పేరు పెట్టినోళ్లకే గదా మొదటి డబ్బా."

అని లోపలికి వెళ్లిపోయింది. అత్తమ్మ అటు తిరిగి కూర్చుంది. నేను దారం విప్పి ఒక లడ్డూ తీసి నోట్లో పెట్టుకున్నాను. ఇసుక లేదు, చేదు లేదు. ఎంత బాగుందో. అప్పుడు కూడా నాకు ఆమె మీద అసూయే కలిగింది.