నడిపేవాళ్ల బరువు

మా నాన్న పాత కారు ఎడమకు గుంజడం మొదలైన ఏడాదే ఆయన ఎడమ కన్ను మసకబారింది. ఇక స్టీరింగ్ పట్టొద్దని కంటి డాక్టరు కచ్చితంగా చెప్పాడు. నాన్న మాత్రం తప్పంతా కారుదేనని, ముందు చక్రాలు సరిచేయిస్తే అన్నీ సర్దుకుంటాయని పట్టుబట్టాడు. స్టేషన్ ఘన్‌పూర్ నుంచి వస్తూ ఒక ఆటోను వెంట్రుకవాసిలో తప్పించాక కూడా అదే మాట. తాళాలు ఇచ్చెయ్యమని అడిగే ధైర్యం ఇంట్లో ఎవరికీ లేదు. అందరికంటే నోరున్నదాన్ని, నాకూ లేదు. కారు నిజంగానే తిన్నగా పోతే ఆయన్ని ఇక ఆపలేమని తెలిసీ, మెకానిక్ దగ్గరికి ఆయన వెంట వెళ్లాను.

హన్మకొండ దాటాక రేకుల షెడ్డు అది. మెకానిక్ కూడా మా నాన్న ఈడువాడే. ఆయన దగ్గర కంప్యూటర్లు లేవు, పురికొస ఉంది. కారుకు రెండు పక్కలా, వెనక చక్రం నుంచి ముందు చక్రం దాకా దాన్ని బిగించి కట్టాడు. తాడుకూ చక్రం అంచుకూ మధ్య సందును స్కేలుతో కొలుస్తూ పోయాడు. తొందరన్నది ఎరగని మనిషి. మార్కెట్‌కు పోయే ట్రాక్టర్ల నుంచి లేచిన పత్తి పింజలు ఎండలో తేలుతూ వచ్చి బానెట్ మీద వాలుతున్నాయి. చూస్తూ చూస్తూ నాకు కళ్లు మూతపడ్డాయి. చిన్నప్పుడు మరిపెడ నుంచి వచ్చేటప్పుడు ఈ కారు వెనక సీట్లోనే పడుకునేదాన్ని. మధ్యలో మెలకువొస్తే ముందు నాన్న మెడ కనిపించేది. అది కనబడితే చాలు, మళ్లీ నిద్రలోకి జారిపోయేదాన్ని.

అసలు కొలత ఇంకా మిగిలే ఉంది. ఖాళీ కారును కొలిస్తే లెక్క తప్పుతుందట. నడిపే మనిషి కూర్చున్నాక కారు ఒక పక్కకు కాస్త కుంగుతుంది. ఆ బరువు మీదే స్టీరింగ్ రాడ్డు తిప్పి బిగించడం ఆయన పద్ధతి. ఇన్నేళ్లూ ఆ బరువు నాన్నదే.

"అన్నా, ఎక్కి కూసో," అన్నాడు మెకానిక్, అలవాటుగా.

నాన్న తలుపు తీశాడు. తీసి, దాన్ని పట్టుకుని అలాగే నిలబడ్డాడు. నేను రోడ్డు వైపు చూస్తూ ఉండిపోయాను.

"నేను గాదు. ఇగ మా బిడ్డ నడుపుతది. దాని బరువుకే పెట్టు," అన్నాడు.

నెలల తరబడి నేను కోరుకున్న మాటే అది. తీరా వినేసరికి ఏడుపొచ్చింది, నా మీద నాకే కోపమొచ్చింది. ఎక్కి కూర్చున్నాను. ఆయన పొడుగుకు వెనక్కి జరిపిన సీటు, నా కాలు బ్రేకుదాకా పోలేదు. నాన్న మోకాళ్ల మీద వంగి, సీటు కింద పిడి తడుముకుని ఎత్తి, నన్నూ సీటునూ కలిపి ముందుకు నెట్టాడు.

"అందుతాందా బిడ్డా?"

అందలేదు. ఇంకొంచెం జరపమన్నాను. జరిపాడు.