దొర మెట్లు దిగితే లేచి నిలబడే నాయినమ్మ

శుక్రవారం, డ్యూటీ లేదు. ప్రపంచ కప్పు దగ్గర పడుతోందని ఈ ఎడారి దేశంలో, బిర్కత్ అల్ అవామిర్‌లోని మా లేబర్ క్యాంప్‌లో ఏ టీవీ చూసినా ఫుట్‌బాలే. ఛానెళ్ళు తిప్పుతుంటే పాతకాలపు బ్రిటిష్ సీరియల్ ఒకటి తగిలింది. పెద్ద బంగళా, గోడ పొడవునా నిలబడ్డ నౌకర్లు.

"యల్లా, మార్చు భాయ్, మ్యాచ్ పెట్టు" అన్నాడు రూమ్‌లో ఉండే యూసుఫ్.

"జర ఆగు భాయ్" అన్నాను.

దోస్తులారా, టీవీ తెరకు నీలం ప్లాస్టిక్ అద్దం తగిలించుకున్న రోజులు గుర్తున్నాయా? మా ఇంట్లో ఆ అద్దం వెనక ఆదివారాలు ఇలాంటి సీరియలే వచ్చేది. మాటలు ఒక్క ముక్క అర్థమయ్యేవి కావు. అయినా ఏం నటులండీ! అరుపుల్లేవు, ఏడుపుల్లేవు. కప్పు కింద పెట్టే తీరులోనే కోపం తెలిసిపోయేది.

మా నాయినమ్మ వయసులో ఉన్నప్పుడు ఊరి దొర గడిలో పనిచేసింది. తెర మీద దొర మెట్లు దిగగానే కొంగు సర్దుకుని లేచి నిలబడేది.

"నాయినమ్మా, గది ఉత్త టీవీయే. కూసో."

"దొర ముంగట కూసుంటార్రా ఎవలన్న?"

ఒక ఆదివారం ఆ దొర వంటింట్లోకి వచ్చాడు. ముసలి వంటమనిషిని కుర్చీలో కూర్చోబెట్టి, తానే టీ పోసి ఇచ్చాడు. నాయినమ్మ నోరు తెరుచుకుని చూసింది.

"దొర పోసిండు, ఆమె తాగింది" అని వాడకట్టంతా తిరిగి చెప్పింది.

మరుసటి వారం దొర మళ్ళీ మెట్లు దిగాడు. మేమంతా టీవీ వదిలేసి నాయినమ్మనే చూశాం. ఆమె లేవలేదు. గోడకు ఆనుకుని, తీరిగ్గా కాళ్ళు బారజాపుకుంది.