రిగ్గైలో ఓ మధ్యాహ్నం: గహ్వా పోస్తూనే ఉన్న ఓబులమ్మ

మతిమరుపు జబ్బు మీద పరిశోధన చేసే డాక్టర్లకి కువైట్లో ఒక శిక్షణ ఉందంటే విజయవాడ నుంచి ఎగేసుకుంటూ వచ్చాను. పొద్దున వైద్యం, మధ్యాహ్నం సమాజశాస్త్రం. ఆ రెండోది నాకు మొదట్నుంచీ చిరాకే. పాఠం చెప్పే మేడమ్ ఒకటే పాట: "రోగి ఇంటికెళ్ళండి. అరగంట ప్రశ్నలడక్కండి, ఊరికే చూడండి." స్కానింగ్‌లో కనపడనిది సోఫాలో కూర్చుంటే కనపడుతుందా అని గొణుక్కుంటూనే బయల్దేరాను.

ఫర్వానియాలో నా గది. నన్ను చూసి రమ్మన్న రోగి ఇల్లు రిగ్గైలో. అక్కడికి బస్సుంది, పావు దినారుకి కాస్త పైన, కానీ మూడింటి ఎండలో స్టాపు దగ్గర నిలబడితే మనిషి అప్పడమే. టాక్సీ ఎక్కాను, రెండు దినార్లు. డ్రైవరుది కడప. ఏం పని మేడమ్ అంటే, మతిమరుపుకి డాక్టర్నన్నాను. "అట్లయితే మా యజమాని, ఆ కఫీల్‌ను సూడండి మేడమ్. సెలవు మాటెత్తితే సాలు, మతి పోతాది!" అని నవ్వాడు. ఆ రోజుకి నేను నవ్వింది అక్కడే.

ఆ ఇంటి పెద్దావిడకి ఎనభై దాటాయి. కూతుర్ని కూడా గుర్తుపట్టదు. ఆవిడ్ని ఇక్కడి పనివాళ్ళ అలవాటు ప్రకారం 'మామా' అని పిలుస్తూ చూసుకునేది రాయచోటి వైపు నుంచి వచ్చిన ఓబులమ్మ. ఈ కూతురికి పెళ్ళి కాకముందు నుంచీ ఆ ఇంట్లోనే ఉందట. నన్ను చూడగానే "మన తెలుగమ్మాయే!" అని మురిసిపోయి గహ్వా, అంటే ఇక్కడి కాఫీ, పోసింది. ఇక్కడ చాలనుకుంటే ఖాళీ కప్పుని కొంచెం ఆడించాలి, లేకపోతే పోస్తూనే ఉంటారు. తాగి ఆడించాను. మళ్ళీ పోసింది. ఆడించాను. మళ్ళీ పోసింది. నాకే చేతకాలేదేమో అనుకుంటుంటే, పెద్దావిడ విసుగ్గా చెయ్యెత్తి "ఖలాస్!" అంది. కన్న కూతురు గుర్తులేని మనిషికి ఆ మర్యాద గుర్తుంది. ఇన్నేళ్ళుగా పోస్తున్న ఓబులమ్మకి లేదు.

కప్పులు తీసే నెపంతో ఓబులమ్మ వెనకే వంటింట్లోకెళ్ళాను. పొయ్యి మీద ఏమీ లేదు, మంట మాత్రం మండుతోంది. ఆపేసి ఆవిడ వైపు తిరిగాను.

"సెప్పొద్దు తల్లీ," అంది చెయ్యి పట్టుకుని. "ఈడ ఉండేదానికిచ్చిన ఇఖామా తీసేస్తారు. మామా నా చేత్తో తప్ప తినదు."

"మామాకి మందులు రెండుసార్లు వేస్తే ఎలా ఓబులమ్మా? ఇల్లు అంటుకుంటే? చెప్పక తప్పదు."

ఓబులమ్మ నా చెయ్యి వదిలేసింది. "అట్లయితే సెప్పు. కాని నన్ను పంపేదానికి ముందు, నా బదులు వచ్చేదాని చేత్తో మామాకు తినేది నేర్పించల్ల."

కూతురికి చెప్పాను. ఆవిడ చెడ్డది కాదు, కళ్ళు తుడుచుకుంది. ఓబులమ్మకి పరీక్షలు చేయిద్దాం అంటే, "ఇక్కడెందుకు? వచ్చే వారం వాళ్ళింటికి పంపేస్తాం. వాళ్ళవాళ్ళు చూసుకుంటారు," అంది. వాళ్ళెవరంటే తెలియదంది. సరే, నేనే వెళ్ళి అడిగాను.

"ఓబులమ్మా, మీ ఇంట్లో ఎవరెవరున్నారు?"

"మా ఇంట్లోనా?" అని తేలిగ్గా నవ్వింది. "మామా ఉండాది. మామా కూతురుండాది. ఇంకెవరుంటారు తల్లీ?"

తిరిగొచ్చేటప్పుడు బస్సే ఎక్కాను, ఎవరితోనూ మాట్లాడాలనిపించక. జబ్బు పేరు చెప్పడం నాకు వచ్చు. చెప్పిన తర్వాత ఆ మనిషి ఎక్కడ పడుకుంటుందో, ఎవరు అన్నం పెడతారో వైద్యం నేర్పలేదు. చిరాకుపడిన ఆ రెండో పాఠం నేర్పేది అదేనని ఇప్పుడు తెలిసి ఏడుపొస్తోంది.

ఇలాంటి శిక్షణకి వచ్చే డాక్టర్లకి ఒక్క మాట: రోగిని చూసుకునే మనిషిని కూడా విడిగా కూర్చోబెట్టి పరీక్షించండి. ఏదైనా తేలితే, ఇంటివాళ్ళకి చెప్పేముందే ఆ మనిషికి ఎవరున్నారో కనుక్కోండి. నాకు వారం టైముంది. రాయచోటి వైపు తెలిసినవాళ్ళందరికీ ఫోన్లు చేస్తున్నాను. ఓబులమ్మ మా మనిషే అన్నవాళ్ళు ఇంతవరకూ ఒక్కరూ లేరు.