వర్జిల్ గ్లౌజులో చప్పుడు

మా ఒహైయో ఊరి బేస్‌బాల్ జట్టులో వర్జిల్ కోస్కో పందొమ్మిదేళ్లు క్యాచర్. ఆటలో దిగే క్యాచర్ కాదు. ఆటకు ముందు పిచర్లు చెయ్యి సాగడానికి విసిరే బంతులు పట్టేవాడు. మైదానం చదును చేసే నాకు అతని సంగతి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

ఎంత నీరసపు బంతినైనా బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఉండే గ్లౌజు గుంటలో సరిగ్గా పట్టి టపాకాయలా పేల్చడం అతని అలవాటు. ఆ చప్పుడు వింటే పిచర్‌కి ధైర్యం వస్తుందట. ఆ మంచితనమే కొంప ముంచింది.

1961 ఏప్రిల్‌లో లైల్ డెమరెస్ట్ అనే పిచర్ పని అడగడానికి వచ్చాడు. పెద్ద జట్లు వదిలించుకున్న మనిషి, చవగ్గా వస్తానన్నాడు. మా మేనేజరు ప్రూయిట్ వీపు తిప్పి నిలబడి, గ్లౌజు చప్పుడు విని మనిషిని తూచే మహానుభావుడు. పది బంతులు పేలేసరికి ఒప్పంద కాగితం తీశాడు.

"ఆ చప్పుడు నాది సార్, అతనిది కాదు," అన్నాడు వర్జిల్. "కుడిచేతి వాటం మనిషి ఇప్పుడే కాఫీ కప్పు ఎడంచేత్తో ఎత్తాడు. మోచెయ్యి బాగాలేదు. వారానికోసారి విసిరిస్తే ఈ బేరం మంచిదే. అంతకు మించితే వద్దు."

"అంత చవగ్గా వస్తుంటే నీకెందుకయ్యా ఏడుపు? మనకి పోయేదేముంది?"

చవక సరుకును ఎంత అరగదీస్తే అంత లాభం అనుకునే రకం ప్రూయిట్. మూడు రోజులకోసారి విసిరించాడు. జూన్‌లో, ఆట మధ్యలో, లైల్ మోచెయ్యి పట్టుకుని కూలబడ్డాడు. ఆ చెయ్యి మళ్లీ భుజం దాటి లేవలేదు.

"చెప్పానా, మనకేం పోలేదు," అన్నాడు ప్రూయిట్. నాకు ఒళ్లు మండిపోయింది. చేతిలో ఉన్న పారను నేలకేసి కొట్టాను.

జూలైలో ఇంకో చవక పిచర్ వచ్చాడు. వాడూ కప్పు ఎడంచేత్తోనే ఎత్తాడు. ప్రూయిట్ వీపు తిప్పాడు. ఆ రోజు వర్జిల్ ఒక్క బంతినీ గుంటలో పట్టలేదు, అన్నీ అరచేతి మీదే తీసుకున్నాడు. చప్పుడే లేదు.

"పసలేదు, పంపించెయ్," అన్నాడు ప్రూయిట్.

"ఇన్నేళ్లొచ్చాయి, బంతి పట్టడం రాదా ముసలోడా?" అని పిచర్ తిట్టిపోశాడు. "నా పొట్ట కొట్టావు."

"నిజమే అబ్బాయ్," అన్నాడు వర్జిల్.

వాడు వెళ్లాక గ్లౌజు నేనే లాగాను. అరచెయ్యి ఉబ్బి వంకాయ రంగుకి తిరిగింది. "నీ చెయ్యి పోతుందయ్యా, బుద్ధుందా?" అని కోప్పడ్డాను.

"పోనీ," అన్నాడు. "దీంతో నేను విసరక్కర్లేదుగా."