వేరు కుప్పలు

1984 ఫిబ్రవరిలో నన్ను మాచర్ల సెక్షన్‌లో జూనియర్ ఇంజనీరుగా వేశారు. వెల్దుర్తి వైపు పోయే ఒక రోడ్డుకి కంకర సేకరణ నా మొదటి పని. కూలీలు బండరాళ్లు పగలగొట్టి, కంకర చేసి, రోడ్డు వారన కుప్ప పోస్తారు. మేం టేపు పెట్టి కుప్ప కొలిచి, కొలతల పుస్తకంలో రాసుకుని, అదే కుప్పను రెండోసారి చూపించకుండా పైన సున్నం నీళ్లు చల్లించాలి. పై ఇంజనీరు తనిఖీ చేశాకే బిల్లు.

అక్కడి ముఠాలో పన్నెండు మంది. కోటయ్య మేస్త్రీ. అందరిదీ ఒకటే కుప్ప, ఆడామగా అందరికీ సమాన వాటా. వాళ్లలో గురవయ్య అనే పెద్దాయన మాత్రం ఒక్క రాయీ కొట్టడు. ఎప్పుడో బండ దొర్లి మోకాలు పోయిందట. గోనెపట్టా నీడన చిన్న కొలిమి పెట్టుకుని, అందరి ఉలులూ కాల్చి మొనలు సాగగొట్టేవాడు. ఆయనకీ నిండు వాటానే.

నాకు ఒళ్లు మండింది. కొత్త ఉద్యోగం, దాంతోపాటు పొగరు! రాయి కొట్టని మనిషికి సమాన వాటా ఏమిటి, ఇది కష్టపడేవాడి నోరు కొట్టడం కాదా అనుకున్నాను. మేస్త్రీ తన చుట్టాన్ని పోషిస్తున్నాడేమోనని అనుమానం కూడా. అడిగితే కోటయ్య, "చుట్టం లేదు, పాడూ లేదు సార్. మాకు మొదట్నించీ ఇంతే" అన్నాడు. ఆ జవాబు నాకు ఆనలేదు. మర్నాటి నుంచి ఎవరి కుప్ప వాళ్లు వేరుగా పోయాలనీ, ఎవరి కొలత వాళ్లకేననీ చెప్పేశాను. ఏ రూల్లోనూ అలా లేదు. న్యాయం చేస్తున్నాననే అనుకున్నాను, అదీ నా తెలివి.

ముఠాలో గట్టి పనివాడు వీరాస్వామి సంతోషించాడు. మొదటి వారం కంకర ఎక్కువే వచ్చింది. పై ఇంజనీరు మెచ్చుకుంటే ఉబ్బిపోయాను.

కొలతల రోజున కోటయ్య వచ్చి, గురవయ్య తాత పని ఏ కుప్పలో రాస్తారని అడిగాడు. పుస్తకంలో దానికి గడి లేదన్నాను. గురవయ్య విన్నాడు. సాయంత్రానికి కొలిమి ఆర్పి, సుత్తీ పట్టకారూ సంచిలో వేసుకున్నాడు. నాకు లోపల ఎక్కడో గుచ్చుకుంది. కంకరకి కాపలా పని ఇప్పిస్తానన్నాను.

"రాళ్లకి కాపలా ఏంది సార్, ఎవుడెత్తుకుపోతాడు? ఇన్నాళ్లూ పని చేసే తిన్నా" అన్నాడు. సత్తెనపల్లి దగ్గర కూతురింటికి వెళ్లిపోయాడు.

తర్వాత ఉలులు మొద్దుబారాయి. పదును పెట్టించుకోవడానికి ఒక్కొక్కరే మాచర్ల పోయి రావాల్సి వచ్చింది. మెత్తగా పగిలే రాయి దగ్గర చోటు కోసం పొద్దున్నే తగాదాలు. అంజమ్మ అనే ఆమె చెయ్యి నలిగి రెండు రోజులు కూర్చుంటే ఆమె కుప్ప అలాగే చిన్నగా ఉండిపోయింది. "ఒక్క గంప పొయ్యరా తమ్ముడా" అని వీరాస్వామిని అడగడం నేను విన్నాను. "నా కొలత తగ్గుద్దక్కా" అన్నాడతను, తల ఎత్తకుండా. టేపు నా చేతిలోనే ఉంది. సిగ్గుతో చచ్చిపోయాను.

ఆ రోజే అందర్నీ పిలిచి, తప్పు నాదేనన్నాను. మళ్లీ ఒకటే కుప్ప పోయండి, గురవయ్యని కూడా పిలిపించండి అన్నాను. వీరాస్వామి నోరు తెరిచాడు.

"ఎట్టా కుదురుద్ది సార్? ఎవురెంత కొడతన్నారో ఇన్నాళ్లూ మేం చూసుకోలా. మీరు కొలిచి చూపిచ్చారు. చూసినాక ఇంక కలవమంటే ఎట్టా కలుస్తాం?"

వేసవి దాటకముందే ముఠా చెదిరిపోయింది. గురవయ్యని మళ్లీ చూడలేదు.

ఆ తర్వాత ఉద్యోగమంతా నేను కొలుస్తూనే గడిపాను. టేపు తీసే ముందు, ఈ కొలత ఎవరికి కావాలి అని అడగడం ఆ రోడ్డు మీదే నేర్చుకున్నాను. ఆ పన్నెండు మందిలో ఎవరూ వేరు కొలత కావాలని అడగలేదు. కావాల్సింది నాకొక్కడికే.