ముప్పై రెండు గంటల ఆట

పోయిన ఆదివారం కార్వాన్‌లో మా చిన్నాన్న ఇంటికి వెళ్లేసరికి, ఇంజనీరింగ్ చదువుతున్న ఆయన కూతురు, నా చెల్లెలు, ఒక వీడియో గేమ్ ముగించి ఒళ్లు విరుచుకుంటోంది. కత్తి పట్టిన వీరుడొకడు ఊరూరా తిరిగి, రాక్షసులతో పోరాడి బలం పెంచుకుంటూ, చివరకు మంచుకోటలోని రాజును ఎదిరించే ఆట అది. ముప్పై రెండు గంటలు పడుతుందని ఫోన్‌లో చూసుకుని మరీ మొదలుపెట్టిందట. ముప్పై గంటల్లోనే అయిపోయిందని దాని సంతోషం. నేను తెర మీది పేరు చూసి అక్కడే కూర్చుండిపోయాను. బొమ్మలకు కొత్త మెరుగులు దిద్దారు గానీ, అది నా పన్నెండో ఏట ఇదే హాల్లో నేనూ తాతా ఎండాకాలమంతా ఆడిన ఆటే. నా డైరీ ప్రకారం మాకు తొంభై నాలుగు గంటలు పట్టింది. అయినా పూర్తి కాలేదు.

మా తాతది దారాల దుకాణం. ఆ ఎండాకాలం పై అరలోని దారపు కండెలు తీయబోయి నిచ్చెన మీది నుంచి జారి, కాలికి పిండికట్టుతో ఆరువారాలు హాల్లో మంచానికి అతుక్కుపోయాడు. సరిగ్గా అప్పుడే చిన్నాన్న స్నేహితుడొకాయన, మలక్‌పేటలో ఉండేవాడు, సెలవులకు ఊరెళ్తూ తన గేమ్ మిషన్‌ను మా ఇంట్లో పెట్టి వెళ్లాడు. చిన్నాన్న రెండు రోజులు ఆడాడో లేదో, దుకాణంలో తాత గద్దె చూసుకునే పని ఆయన మీద పడింది. అలా రిమోట్ నా చేతికి వచ్చింది. మన వయసువాళ్లకు గుర్తుండే ఉంటుంది, లావుపాటి టీవీ, వైరు చాలక దాని ముందే నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చోవడం, ఆట సేవ్ చేసుకునేలోపే కరెంటు పోతే గంట కష్టం మంటగలిసిపోవడం. నేనైతే అప్పట్లో ఇంటికి ఎవరొచ్చినా పుస్తకం పట్టుకుని బియ్యం డ్రమ్ము వెనక్కి చేరే పిల్లను. నా మాటలన్నీ దుకాణానికి ఊరికే వచ్చే డైరీల్లోనే ఉండేవి.

ఆటలో ఊరివాళ్ల మాటలు ఇంగ్లీషు అక్షరాలై తెర మీద పడేవి. తాతకు ఇంగ్లీషు రాదు కాబట్టి నేను తెలుగులో చెప్పాలి. నా గొంతు నాకే వినబడేది కాదు.

"గట్టిగ చదువు బిడ్డా. నీకంటె గా ఫ్యానే ఎక్కువ మాట్లాడుతుంది" అనేవాడు తాత.

బజారుకు వెళ్తే వరసలో ఉన్న ప్రతి దుకాణందారునీ పలకరించి, ఇంటిల్లిపాదీ బాగోగులు అడిగాకే బేరం ఎత్తడం తాత పద్ధతి. ఆ పద్ధతి వీరుడికీ పట్టింది. ఊళ్లోకి అడుగుపెడితే కమ్మరిని, జాలరిని, అరుగు మీది ముసలివాళ్లను, ఒక్కరినీ వదలకుండా పలకరించందే ఊరు దాటడానికి వీల్లేదు. ఇళ్లలో దూరి కుండలు పగలగొడితే లోపల మందులు దొరుకుతాయి, అవి తాగితే బలం వస్తుంది. మొదటి కుండ పగలగానే తాత లేచి కూర్చున్నాడు. "ఏందిది? ఎవరింట్ల కుండలు పలగొడుతున్నవ్? అడిగినవా వాళ్లని?" అంతే, మా వీరుడు మందులు లేకుండానే యుద్ధాలకు వెళ్లి, చచ్చి, మళ్లీ లేచి, మళ్లీ చచ్చాడు. కందిపప్పులో రాళ్లేరుతూ నాయనమ్మ అనేది, "కాలు ఇరిగినాయన ఇంట్ల, కాలు నిలువనోడు టీవీల. ఇద్దరికి నేనే చాయ్ పెట్టాల్నా?"

మొదటి ఊళ్లోనే బావి దగ్గర ఒక ముసలమ్మ ఉంటుంది. మంచుకోటకు కాపలా వెళ్లిన కొడుక్కి శాలువా ఇస్తావా అని అడుగుతుంది. నేను తొందరలో చదవకుండానే 'సరే' అని నొక్కేశాను. ఏమడిగిందని తాత అడిగితే, అప్పుడు చదివి చెప్పాను. తాత తలూపాడు.

మిషన్ తిరిగి వెళ్లాల్సిన రోజు రానే వచ్చింది. సాయంత్రం ఐదింటికి ఆ స్నేహితుడు వస్తాడని చిన్నాన్న పొద్దున్నే చెప్పాడు. మూడింటికల్లా మేము రాజుగారి తలుపు ముందున్నాం. డైరీలో ఆ రోజు పేజీ మీద 'ఆట ముగిసింది' అని పెద్ద అక్షరాలతో ముందే రాసి, చుట్టూ తీగలు కూడా గీసి పెట్టుకున్నాను. ఆ తలుపు పక్కనే ముసలమ్మ కొడుకు కనబడ్డాడు. శాలువా కప్పుకుని, తాను బతికే ఉన్నానని అమ్మకు చెప్పమంటూ ఒక కొయ్య ఉంగరం ఇచ్చాడు. వెనక్కి నడిచి ఆ ఊరు చేరాలంటే రెండు గంటలు. లోపలికి వెళ్తే ఆట ముగించవచ్చు. నేను తాత వైపు చూశాను.

"నీ ఇష్టం బిడ్డా, ఆట నీది" అన్నాడు. మళ్లీ తనే, "గని సరే అని ఒత్తింది గూడ నువ్వే" అన్నాడు.

ఆరువారాలు ఎదురుచూసిన తలుపు అది. దాన్ని చూస్తూ ఎంతసేపు కూర్చున్నానో గుర్తులేదు. చివరికి వీరుణ్ణి వెనక్కి తిప్పాను.

మంచు దాటి, అడవి దాటి, వాగు దాటి, బావి కనబడుతున్న సమయానికి ఇంటి గంట మోగింది. నాయనమ్మ చేతులు కడుక్కునేలోపు నేనే వెళ్లి తలుపు తీశాను. "పది నిమిషాలు ఆగుండ్రి అంకుల్, ఒక ముసలామెకు కబురు చెప్పేదుంది" అన్నాను, అదీ గట్టిగా. పాపం ఆయన ఎవరికో జబ్బు చేసిందనుకుని, చెప్పులు విడిచి మెల్లగా లోపలికి వచ్చి కూర్చున్నాడు.

ముసలమ్మ ఉంగరం తీసుకుని రెండే మాటలు అంది. అవి నేను మా మాటల్లోకి మార్చి చదివాను. "పిలగాడు సలికి ఒణుకుతలేడు గద. గంతే చాలు బిడ్డా." నాయనమ్మ వంటింటి గడపలో నిలబడి విన్నది. తాత కట్టు మీద చెయ్యి వేసుకుని కిటికీ వైపు చూస్తూ ఉండిపోయాడు. చాయ్ తాగి అంకుల్ మిషన్ తీసుకెళ్లాడు. నేను ముందే రాసిపెట్టుకున్న మాట కొట్టేసి, తీగల మధ్యలో 'ఉంగరం ఇచ్చినం' అని రాసుకున్నాను.

తాత పోయి నాలుగేళ్లయింది. ఇదంతా చెప్పకుండా, బావి దగ్గరి ముసలమ్మను కలిశావా అని మాత్రం చెల్లెల్ని అడిగాను.

"ఏ ముసలామెక్కా? దారిల అందరితోని ముచ్చట పెడితే ముప్పై గంటలల్ల అయితదా?" అని నవ్వి, రిమోట్ నా చేతిలో పెట్టింది.

దాని తప్పేమీ లేదు. మాకు ఎంతసేపు పడుతుందో ముందే చెప్పేవాళ్లు లేరు, అందుకే ఎంతసేపైనా పట్టనిచ్చాం. ఆట కొత్తగా మొదలుపెట్టి బావి దగ్గరికి వెళ్లాను. ముసలమ్మ అక్కడే ఉంది. ఇప్పుడా హాల్లో ఏసీ ఉంది, ఫ్యాను చప్పుడు లేదు, మెల్లగా చదివినా వినబడుతుంది. అయినా ఎందుకో గట్టిగానే చదివాను.