ముగాయావు కుండ

మా ఊరు బుకండ్వాలో తొక్క తీయకుండా ఉడికించిన అరటికాయల్ని ముగాయావు అంటాం. బద్ధకస్తుల తిండి కాబట్టి ఆ పేరొచ్చిందని టాక్సీ స్టాండు దగ్గర చెప్పుకుంటున్నారు. తప్పు. చేతిలో పని వదిలేసే బద్ధకస్తుల్ని మా లుగాండా భాషలో ముగాయావు అనే మాట నిజమే. కానీ ఆ మాట కుండలోకి దూరింది మాత్రం నస్సింబ్వా వల్ల. అది జరిగిన రోజు నేను వాళ్ళ వంటింట్లోనే ఉన్నాను.

నస్సింబ్వా సెబున్యాని చేసుకుని వచ్చిన కొత్త కోడలు. కాయ ఒలవడంలో చెయ్యి నెమ్మది. అత్త నాముతేబికి అది చాలు.

"ముగాయావూ, ఇంకా అదే కాయా? నువ్వు కూచున్నప్పుడు పెట్టిన గుడ్లు మా కోడి పొదిగేసింది."

పోయిన మామగారి పెద్ద కర్మ నాడు, ఆయన స్థానంలో వారసుణ్ణి కూచోబెట్టే వేళ, వంటలో తేడా వస్తే పుట్టింటికి పంపేస్తానని కూడా చెప్పేసింది. మొగుడు సెబున్యాని వదిలి బతకడం ఆ పిల్లవల్ల కాదు.

తీరా ఆ రోజు వాన. చిత్తడి మీది దారి మునిగి, కాయలు ఒలవాల్సిన పొరుగూరి ఆడవాళ్ళు అవతలే ఆగిపోయారు. చుట్టాలు మాత్రం ముందే దిగారు. వంటింట్లో గుట్టగా గెలలు, ఒలవడానికి మేం నలుగురం. నాముతేబి తల పట్టుకుంది.

నస్సింబ్వా పెద్ద కుండల్లో అరిటాకులు పరిచి, కాయలు తొక్కతోనే వేసేసింది.

"తొక్కతోనా? నా ఇంటి పరువు తీస్తావే?"

"వచ్చినోళ్ళందరికీ చేతులున్నాయిగా అత్తా. వాళ్ళే ఒలుచుకుంటారు."

ఇంకేం దారి లేదు. పొయ్యి రాజేశాం.

ఆకుల మీద పొగలు కక్కే కాయలు, పక్కన వేరుశనగ పులుసు. వంశపెద్ద కల్యాంగో ఒకటి ఒలిచి ముంచుకున్నాడు. నమిలాడు. ఇంకోటి తీసుకున్నాడు.

"ఇదెవరు వండారమ్మా?"

పెద్దల ముందు మా ఆడవాళ్ళు కూచునే తీరున నాముతేబి మోకాళ్ళ మీద కూచుని ఉంది. అలవాటైన నోరు కదా, అనేసింది.

"మా ముగాయావు, అయ్యా."

"అయితే మీ ముగాయావుని ఇంకో కుండ ఎక్కించమను."

పందిరంతా నవ్వు. ఆ మూల నుంచి "ఇటు ముగాయావు", ఈ మూల నుంచి "నాకూ ముగాయావు". డప్పులవాళ్ళు దానికో దరువు కట్టేశారు. నాముతేబి లేచి కోడలి చెయ్యి పట్టుకుని తెచ్చి, తన చాప మీదే కూచోబెట్టుకుంది. పుట్టింటి మాట మళ్ళీ ఎత్తలేదు.

ఇప్పుడు నస్సింబ్వా ముసలిదైంది. సంత రోజుల్లో చర్చి ఎదురుగా కుండ పెడుతుంది. అటు వెళితే ఓ కాయ ఒలుచుకుని, మా ముగాయావు ఎలా ఉందో చూసి నాకు చెప్పండి.